టైరు పెరిగితే ఇరుసు పెరగదు

వరంగల్ ములుగు రోడ్డులోని నా షెడ్డులో, వచ్చినవాళ్లు కూర్చునే బల్ల మీద ఒక ఇనుప ముక్క ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు చివర బిగించే యూజే క్రాసు అది. నాలుగు కొమ్మలుండాలి, మూడే ఉన్నాయి. దాన్ని తుక్కులో పారేయలేదు. టైర్లు పెద్దవి చేయించాలని వచ్చే ప్రతి కుర్రాడి చేతిలో ముందు దాన్నే పెడతాను.

తాడ్వాయి వైపు తిరిగే ఒక ఫోర్ బై ఫోర్ వ్యానుది అది. 2023 జులైని మా ప్రాంతంలో ఎవరూ మరచిపోలేరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగితే మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. జంపన్నవాగు కొండాయి గ్రామం మీద పడింది. ఆ తర్వాత కొన్ని నెలల పాటు అడవి వైపు నుంచి వచ్చిన బండ్ల ఓనర్లు నన్ను అడిగింది ఒకటే మాట. "అన్నా, బండి లేపాలె. పెద్ద టైర్లేస్తే వాగు దాటుతది గదా?"

ఆ వ్యాను ఓనరు కూడా అదే అడిగాడు. వద్దన్నాను. కానీ ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ రోజు పని ఒత్తిడిలో ఉన్నాను. అతను ఇంకెక్కడో వేయించుకున్నాడు. ఆ రోజు చెప్పాల్సిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఎత్తు లెక్క. అతని బండికి వచ్చిన టైరు 215/75 ఆర్15. దాని వ్యాసం సుమారు 703 మిల్లీమీటర్లు. వేయించుకున్నది 31 అంగుళాలది, అంటే 787 మిల్లీమీటర్లు. తేడా 84. అయితే బండి లేచేది 84 కాదు, అందులో సగం. ఇరుసు ఉండేది చక్రం నడుమ కదా. 42 మిల్లీమీటర్లంటే రెండు వేళ్ల వెడల్పు కంటే కాస్త ఎక్కువ. ఆ రెండు వేళ్ల ఎత్తు కోసం టైర్లకు, రిమ్ములకు అతను పోసిన డబ్బు ఒక ఎకరం వరి పెట్టుబడికి తక్కువ కాదు. పారే వాగుకు రెండు వేళ్లు ఒక లెక్కా? పైగా వెడల్పు టైరు నీళ్లలో ఎక్కువ తేలుతుంది. బండి తేలికైతే వాగు దాన్ని సులువుగా పక్కకు నెడుతుంది. వరద నీటిని దాటించే టైరు ఏ కంపెనీ చేయలేదు.

ఇక బలం లెక్క. అసలు సంగతి ఇక్కడే ఉంది.

ఇంజను పుట్టించే తిప్పుడు బలం ఉన్నది ఉన్నట్టుగా చక్రానికి పోదు. 200 న్యూటన్ మీటర్ల ఇంజను అనుకోండి. ఫస్టు గేరులో నాలుగు రెట్లు, లో గేరులో రెండున్నర రెట్లు, క్రౌను పినియను దగ్గర మరో నాలుగు రెట్లు. గుణిస్తే నలభై. 200 కాస్తా 8,000 అవుతుంది. ఆ బలం మొత్తం సన్నటి యాక్సిల్ రాడ్ల మీద, సీవీ జాయింట్ల మీద పడితే అవి ఎన్నడో పోవాలి. పోవడం లేదంటే కారణం టైరు జారడం. బురదలో, కంకరలో పట్టు చాలక చక్రం గిర్రున తిరుగుతుంది. చూసేవాళ్లకు అది బండి చేతకానితనంలా కనిపిస్తుంది. నిజానికి ఆ జారడమే లోపలి ఇనుమును కాపాడుతోంది.

మన రైతులకు ఇది కొత్త కాదు. రోటవేటరు షాఫ్టుకు ఒక బోల్టు ఉంటుంది. దుక్కిలో రాయి తగిలితే ఆ బోల్టు తెగుతుంది, గేరుబాక్సు బతుకుతుంది. మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టు వేసినవాళ్లు తర్వాత గేరుబాక్సు పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. పెద్ద టైరు వేయడమంటే ఆ మెత్తటి బోల్టు తీసి గట్టి బోల్టు వేయడమే. పట్టు పెరుగుతుంది. చక్రం జారాల్సిన చోట జారదు. చక్రం వ్యాసం 12 శాతం పెరిగింది కాబట్టి అదే గుట్ట ఎక్కడానికి యాక్సిల్ రాడ్డు 12 శాతం ఎక్కువ బలంగా మెలి తిరగాలి. టైరు, రిమ్ము బరువు కూడా పెరిగాయి. గుంతలో ఒక చక్రం గాల్లోకి లేచి జోరుగా తిరుగుతూ ఒక్కసారి రాతి మీద పడితే, తిరిగే ఆ బరువంతా రెప్పపాటులో ఆగాలి. ఆ దెబ్బ తినేది రాడ్డు, దాని వెనక పినియను పళ్లు.

విరిగిన రాడ్డు ముఖం చూస్తే ఏం జరిగిందో తెలుస్తుంది. ఒక్క దెబ్బకు పోయిందైతే బెల్లం దిమ్మ పగలగొట్టినట్టు గరుకుగా ఉంటుంది. నెలల తరబడి కొంచెం కొంచెంగా చీలిందైతే ముఖం నున్నగా, గుల్ల మీది గీతల్లాంటి వంపులతో ఉంటుంది. రాడ్డు కొస మీది గాట్లు నిటారుగా కాకుండా మెలితిరిగి ఉంటే ఆ ఉక్కు ఎప్పుడో లొంగిపోయిందని అర్థం. పెద్ద టైర్లు వేసిన బండ్ల రాడ్లలో నేను చూసినవి ఎక్కువగా ఈ రెండు రకాలే, నున్నగా చీలినవి, గాట్లు మెలిపడ్డవి. అవి విరిగిన రోజున చెడిపోలేదు. టైర్లు మార్చిన రోజు నుంచే చెడుతూ వచ్చాయి. అందుకే ఓనరు నమ్మడు. "ఆర్నెల్లు మంచిగనే నడిచింది గదన్నా" అంటాడు.

మళ్లీ ఆ వ్యాను దగ్గరికి వస్తాను. అతను నాలుగు టైర్లు మార్చాడు, స్టెప్నీ మార్చలేదు. ఐదో దానికి డబ్బులు చాలలేదు. మరుసటి వానాకాలం ఒక సాయంత్రం, నాట్లకు పోయిన కూలీలను ఎక్కించుకొని మట్టిబాటలో వస్తుంటే ముందు ఎడమ టైరు పంచరైంది. పాత సైజు స్టెప్నీ వేశాడు. బురదలో ఉన్నాడు కాబట్టి ఫోర్ బై ఫోర్ లివరు వేసే ఉంచాడు. తారు రోడ్డెక్కాక తీయడం మరచిపోయాడు. పస్రా వైపు తొమ్మిది కిలోమీటర్లు అలాగే వచ్చాడు.

ఆ తొమ్మిది కిలోమీటర్లలో లోపల ఏం జరిగిందో చెబుతాను. పెద్ద టైరు కిలోమీటరుకు సుమారు 404 చుట్లు తిరుగుతుంది. చిన్నది 452 తిరుగుతుంది. ముందు ఇరుసుకు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. సగటు 428. వెనక ఇరుసుకు రెండూ పెద్దవే, 404. ఫోర్ బై ఫోర్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు ముందు షాఫ్టునూ వెనక షాఫ్టునూ ఒకే వేగంతో తిప్పుతుంది. కిలోమీటరుకు 24 చుట్ల తేడా ఎటు పోవాలి? బురదలో అయితే టైరు జారి సర్దుకుంటుంది. తారు మీద, అదీ ఎక్కువ పట్టున్న పెద్ద టైర్లతో, అంత సులువుగా జారదు. తడి బట్టను ఇద్దరు చెరో వైపు పిండినట్టు రెండు షాఫ్టులూ మెలి తిరుగుతూ వచ్చాయి. చివరికి ముందు షాఫ్టు క్రాసు కొమ్మ తెగింది. ట్రాన్స్‌ఫర్ కేసు వైపు కొస ఊడి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చింది. అదే డిఫరెన్షియల్ వైపు కొస ఊడి ఉంటే, ముందుకు పోతున్న బండికి ఎదురు గునపంలా రోడ్డులో దిగేది. లోపల ఎనిమిది మంది ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చీకట్లో, వానలో, అడవి రోడ్డు మీద నాలుగు గంటలు నిలబడ్డారు.

ఇది చెబితే కుర్రాళ్లు వెంటనే అనేది, "అయితే లోపల కూడా గట్టివి వేద్దాం." అది సరైన ఆలోచనే, సగం వరకు. రాడ్డు లావు పది శాతం పెరిగితే బలం 33 శాతం పెరుగుతుంది. ఎందుకంటే తిప్పుడు బలాన్ని తట్టుకునే శక్తి లావు ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. కానీ లావు రాడ్డు పాత డిఫరెన్షియల్ గేరు గాట్లలో పట్టదు, పాత బేరింగులోనూ పట్టదు. పట్టేలా చేశామే అనుకుందాం. ఇంతకాలం రాడ్డు విరిగి పినియనును కాపాడింది, ఇప్పుడు పినియను పోతుంది. రాడ్డుకు వెయ్యి రూపాయలు అయ్యే చోట క్రౌను పినియను సెట్టుకు ఎన్ని వేలు అవుతుందో పని చేయించినవాళ్లకు తెలుసు. పోయిన పుల్లింగ్ తిరిగి రావాలని క్రౌను పినియను నిష్పత్తి మార్చుకుంటే సాధారణంగా పినియను పళ్లు తగ్గి అది సన్నబడుతుంది. పుల్లింగ్ వస్తుంది, బలం పోతుంది. పైగా ముందూ వెనకా రెండూ ఒకే నిష్పత్తికి మార్చాలి. ఒకటే మారిస్తే పైన చెప్పిన కథే. ఇక విరిగిన రాడ్డును వెల్డింగు చేసి, లేతు మీద నున్నగా తిప్పి బిగించే పని మన దగ్గర ఇంకా సాగుతోంది. ఆ రాడ్డు బలం దాని పై పొరలో ఉంటుంది, వేడి చేసి గట్టిపరిచిన పొర అది. వెల్డింగు వేడికి ఆ పొర మెత్తబడుతుంది, లేతు మీద చెక్కితే అదీ పోతుంది. ఈ పని చేసే మేస్త్రీలు నా తోటివాళ్లే. వాళ్లకు చేతులు జోడించి చెబుతున్నాను, అది మానండి.

బ్రేకులు కూడా ఇందులో భాగమే. పెద్ద చక్రాన్ని ఆపడానికి పాత బ్రేకుకు పట్టు తగ్గుతుంది. స్పీడోమీటరు 80 చూపిస్తున్నప్పుడు బండి 89 దాటి పోతుంటుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి.

అయితే వ్యానుకు పెద్ద చక్రాలు అసలు కుదరవా అంటే, కుదురుతాయి. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు 1980లలో సింక్రో అనే నాలుగు చక్రాల పుల్లింగ్ వ్యాను తెచ్చారు. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో స్టైర్ డైమ్లర్ పూక్ ఫ్యాక్టరీలో తయారైంది. మామూలు సింక్రోకు 14 అంగుళాల చక్రాలు. 16 అంగుళాలది కావాలన్నప్పుడు వాళ్లు టైరు మార్చి ఊరుకోలేదు. సీవీ జాయింట్లు లావువి వేశారు, బ్రేకులు పెంచారు, బాడీకి బలం కట్టారు. ఆ బండిని కనిపెట్టిన కంపెనీయే రెండు అంగుళాలు పెద్దదైన చక్రం కోసం లోపలంతా మళ్లీ చూసుకుంది. షెడ్డులో మనం జాకీ ఎత్తి గంటలో చేసేస్తున్నాం.

చట్టం ఏమంటుందో కూడా ఓనర్లకు తెలియాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

చట్టాన్ని నేను తప్పు పట్టను. కానీ నిషేధం ఒక్కటే ఉంటే పని ఆగదు, చాటుకు పోతుంది. చాటున జరిగే పనికి కొలత ఉండదు, తనిఖీ ఉండదు. ఆస్ట్రేలియాలో ఫోర్ బై ఫోర్ బండ్లకు టైరు వ్యాసం 50 మిల్లీమీటర్ల వరకు పెంచుకోవచ్చని నిబంధన రాసి పెట్టారు, మామూలు కార్లకు 15 దాకానే. జర్మనీలో మార్పు చేసిన బండిని నిపుణుడు పరీక్షించి కాగితం ఇవ్వాలి. మనకూ మిల్లీమీటర్లలో రాసిన ఒక హద్దు కావాలి. ఆ హద్దు దాటాలనుకునేవాడికి యాక్సిల్, బ్రేకు, క్రౌను పినియను పరీక్షించి సంతకం చేసే ఇంజనీరు కావాలి. 1959లో దేశంలోనే మొదటి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా పుట్టిన ఎన్‌ఐటీ మన వరంగల్‌లోనే ఉంది. రవాణా శాఖ అడిగితే ఇలాంటి పరీక్ష అక్కడ జరగలేనిదేమీ కాదు.

ఏజెన్సీ ఊళ్లకు ఎత్తయిన బండి అవసరం నిజమైనది. ఆ అవసరాన్ని నేను కాదనడం లేదు. అంబులెన్సులు, వరద సహాయపు బండ్లు కొనేటప్పుడు ప్రభుత్వం కంపెనీలోనే ఫోర్ బై ఫోర్‌గా తయారైనవి కొనాలి. మామూలు బండి కొని తర్వాత టైర్లు మార్చే పద్ధతికి టెండరులోనే చోటివ్వకూడదు. వాగు మీద ఎత్తయిన వంతెన ఉంటే టైరు గురించి ఇంత మాట్లాడే పనే లేదు.

టైర్లు మార్చాలనుకునే తమ్ముళ్లు షెడ్డు మెట్లెక్కే ముందు బండి పుస్తకంలో కంపెనీ అనుమతించిన సైజులు చూడండి. ఇప్పటికే మార్చుకుని ఉంటే ఈ రోజే స్టెప్నీ కొలవండి. మిగతా నాలుగింటితో అది కలవకపోతే దాన్ని పెట్టుకొని ఫోర్ బై ఫోర్ లివరు ముట్టుకోవద్దు. ఫోర్ బై ఫోర్ వేసిన బండి తారు రోడ్డు మీద మలుపు దగ్గర పట్టేసినట్టు, కుంటినట్టు అనిపిస్తే అక్కడే ఆపి లివరు తీయండి. తీశాక కూడా శబ్దం ఆగకపోతే ఇంకో కిలోమీటరు కూడా నడపవద్దు.

ఆ వ్యాను ఇప్పటికీ తాడ్వాయి రూటులోనే తిరుగుతోంది. పాత సైజు టైర్లే ఉన్నాయి. స్టెప్నీతో కలిపి ఐదూ ఒకటే కొలత.