గాలిలో మా వాటా ఏదీ?

2025 మే నెలలో గుంతకల్లు దగ్గర బేతపల్లిలో శంకుస్థాపన జరిగింది. 22 వేల కోట్ల రూపాయల పెట్టుబడి అన్నారు. గాలి, ఎండ కలిపి కరెంటు తీస్తామన్నారు. సంతోషమే! అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఆ ఫ్యాన్లను తిప్పే గాలిలో సీమకు వాటా ఎంత?

రామగిరి కొండల మీద 1990లలోనే ఫ్యాన్లు లేచాయి. కొండ కింద బంగారు గని 2001లో మూతపడింది. కొండ మీద గాలి వ్యాపారం మాత్రం ఆగలేదు. ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప, తాడిపత్రి దాటి కర్నూలు, కడప జిల్లాల గుట్టలు ఎక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 4 వేల పైచిలుకు మెగావాట్ల పవన విద్యుత్తు దాదాపు అంతా మన గడ్డ మీదిదే. 2025 మార్చికి దేశం మొత్తం కలిపి 50 వేల మెగావాట్లు దాటింది. అందులో పన్నెండో వంతు ఈ కరువు నేలది.

ఈ గాలి ఇక్కడే ఎందుకుంది? నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే వాన దులిపేసుకుని, ఉత్త గాలిగా మన మీదికి వస్తుంది. అందుకే అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా శెనక్కాయ చేనును మాడ్చే ఆ గాలే ఫ్యాన్లకు పండగ. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మన కరువే వాళ్ల పెట్టుబడి! (ఫ్యాన్లు మబ్బుల్ని తరిమేస్తున్నాయని ఊర్లలో అంటారు. అది నిజం కాదు. ఫ్యాన్లు రాకముందు కూడా మబ్బులు మనల్ని చూసి మొహం తిప్పుకున్నవే.)

ఇక న్యాయం సంగతి. నదికి ఆనకట్ట కట్టి కరెంటు తీస్తే ఆ రాష్ట్రానికి 12 శాతం ఉచిత కరెంటు ఇవ్వాలి, స్థానిక అభివృద్ధికి మరో 1 శాతం ఇవ్వాలి అని 2008 జల విద్యుత్ విధానం చెప్పింది. ఖనిజం తవ్వితే రాయల్టీతో పాటు జిల్లా ఖనిజ నిధికి కట్టాలని 2015లో చట్టం సవరించారు. నీళ్లకు వాటా ఉంది, రాయికి వాటా ఉంది. మరి గాలికేదీ? గాలి ఎవడబ్బ సొత్తూ కాదంటారా? అయితే 2020లో తెచ్చిన ఎగుమతి పాలసీలో, రాష్ట్రం బయట అమ్ముకునే కరెంటుకు మెగావాట్‌కు ఏటా లక్ష రూపాయలు కట్టాలని ఎందుకు రాశారు? గాలికి ధర ఉందని సర్కారే ఒప్పుకుంది. కానీ ఆ లక్ష కట్టమన్నది రాజధాని ఖాతాలో, ఫ్యాను నిలబడిన ఊరి పంచాయతీ ఖాతాలో కాదు.

లెక్క వేసుకుందాం. 4 వేల మెగావాట్లు ఏడాది పొడవునా పావు వంతు సామర్థ్యంతో తిరిగినా సుమారు 876 కోట్ల యూనిట్లు. నీళ్లకిచ్చినట్టే 12 శాతం ఇస్తే 105 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 2 రూపాయల 43 పైసలే కట్టినా ఏటా 255 కోట్లు!

ఈ 2.43 ఎక్కడిది? కంపెనీలతో 4.84 చొప్పున 25 ఏళ్లకు ఒప్పందాలు రాసుకున్నది ఒక ప్రభుత్వం. 2019లో వచ్చిన ఇంకో ప్రభుత్వం అంత ఇవ్వలేం, 2.43కు దిగండి అంది. మూడేళ్లు హైకోర్టులో కొట్లాడుకున్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ ఒప్పందం ప్రకారమే చెల్లించమంది. అన్ని వాయిదాల్లో ఒక్కనాడైనా సీమ పల్లె వాది అయిందా, ప్రతివాది అయిందా? రెండు రేట్ల మధ్య తేడా 2 రూపాయల 41 పైసలు. అందులో ఒక్క పైసా మా ఊరికి అన్న మాట ఆ తగువులో లేదు.

ముఖ్యమంత్రులు మీ సీమ వాళ్లే కదా అని విజయవాడ మిత్రులు ఎకసెక్కాలాడతారు. నిజమే, కాదనలేం. 4.84 రాసుకున్నాయన మనోడే, 2.43 అన్నాయనా మనోడే. అందుకే మనిషిని మారిస్తే సరిపోదంటున్నాం. మన గాలి మీద, మన నీళ్ల మీద సంతకం పెట్టే అధికారమే ఇక్కడికి రావాలంటున్నాం. 1937లో శ్రీబాగ్ కాగితం మీద పెద్దమనుషుల మాట నమ్మాం. 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని 1956లో పోయింది. ఇంకా మాటలు నమ్మమంటారా?

పవన విద్యుత్తు వద్దని మేం అనడం లేదు. బొగ్గు కాల్చడం కన్నా నూరుపాళ్లు మేలు. తమిళనాడును చూడండి. కోయంబత్తూరు, తిరుప్పూరు మిల్లుల వాళ్లు సొంత ఫ్యాన్లు పెట్టుకుని ఆ కరెంటుతో తమ మగ్గాలు తిప్పుకున్నారు. గాలి పరిశోధనకు కేంద్ర సంస్థ కూడా చెన్నైలోనే. డెన్మార్క్‌లో 2008లో ఏకంగా చట్టమే చేశారు. కొత్త ఫ్యాన్లలో కనీసం 20 శాతం వాటాలను చుట్టుపక్కల జనానికి కొనుక్కునే అవకాశం ఇవ్వాలని. అక్కడ ఊరి వాడు వాటాదారు. ఇక్కడ ఊరి వాడు, అదృష్టం బాగుంటే, వాచ్‌మన్.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా! ఈ నెల మీ మండలంలో ఒక్క పని చేయండి. ఎన్ని ఫ్యాన్లున్నాయి, ఎవరి భూమిలో ఉన్నాయి, కౌలు ఎంత, పంచాయతీకి పన్ను ఎంత కడుతున్నారు, స్థానికులకు ఎన్ని ఉద్యోగాలిచ్చారు? సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, పది రూపాయల ఖర్చు. వచ్చిన జవాబులు, రాని జవాబులు రెండూ పంపండి. ఊరి పేరుతో సహా వరుసగా అచ్చేస్తాం.