పండుగవేళ మూగప్రాణులు



సంక్రాంతి దగ్గరపడుచున్నది. కనుమనాడు పసులను పూజించుట మన యాచారము. అయితే ఆ మూడు దినములును మన యింటి కుక్కయు, పిల్లియు నెంత బెదరుచుండునో తలచువారు కొలదిమంది. పండుగ మనది. తెల్లవారకముందే మంటలు, డప్పులు, టపాకాయలు, క్రొత్త మనుష్యులు. వానికి తెలిసిన దింతియే.

భారతమున ఆదిపర్వమునందలి సరమ కథ మీరెరిగినదే. జనమేజయుని యజ్ఞవాటికకు వచ్చిన సరమ కుమారుని, హవిస్సు ముట్టకున్నను, రాజు తమ్ములు కొట్టిరి. ఆ తల్లి దుఃఖము శాపమయ్యెను. మన వేడుకలో నిరపరాధియైన ప్రాణి బాధపడుట యే యింటికిని శుభము కాదు.

భోగిమంటకై చేర్చిన కట్టెలలో పిల్లి తన కూనలను దాచుట కలదు. నిప్పంటించుటకు ముందు కట్టెలను కదలించి చూడవలెను. మన చెవి సెకనుకు 20,000 కంపనముల వరకు వినగా, కుక్క చెవి సుమారు 45,000 వరకు వినును. కావున చప్పుడు మొదలుకాకమునుపే దానిని బయట త్రిప్పి తెచ్చి, వెనుకగదిలో కిటికీలు మూసి, దాని పాత పక్కను, మంచినీళ్లను ఉంచుడు. మంచము క్రింద దాగినచో బయటికి లాగకుడు, గద్దింపకుడు. ప్రక్కన కూర్చుండి మెల్లగా మాటలాడిన చాలును. చుట్టములు వచ్చుచు పోవుచుండగా వీథితలుపు తెరచియే యుండును. బెదరి పరుగెత్తిన కుక్క త్రోవ తప్పవచ్చును. మెడపట్టెపై ఫోను సంఖ్య వ్రాయించుట మేలు.

పండుగపూట దానికిని ఒక ముద్ద పెట్టవలెనని మనకు తోచును. కాని పొంగలిలోని కిస్‌మిస్ కుక్క మూత్రపిండములను చెరుపవచ్చును. ఉల్లి, వెల్లుల్లి కుక్కకును పిల్లికిని రక్తక్షయము కలిగించును. చాకొలేటు విషము. వండిన యెముకలు చీలి ప్రేగులందు గ్రుచ్చుకొనును. ప్రతిదినము తిను తిండియే వానికి క్షేమము.

నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయాధికరణము 2017లో నిషేధించినది. అయినను పెరటిలో తెగిపడిన దారములు కనబడుచునే యున్నవి. సాయంకాలము వానిని ఏరించుడు. పిల్లి దారము మ్రింగగా కొన నోట వ్రేలాడుచున్నచో లాగరాదు. లోపల ప్రేగులు కోసికొనిపోవును. వెంటనే పశువైద్యునికి చూపవలెను.

మన యింటి మాత్రలేవియు వానికి వేయకుడు. పారాసెటమాల్ పిల్లికి ప్రాణాంతకము. మిక్కిలి బెదరు ప్రాణికి మందు కావలసినచో, పండుగకు వారము ముందే వైద్యుని యడిగి తెచ్చుకొనుడు; పండుగనాడు వైద్యుడు దొరకుట కష్టము.

ఇంటిపనులలో తలమునకలైయున్న గృహిణి యొక్కతెయే యివన్నియు చూడజాలదు. పిండివంటలు, ముగ్గులు పంచుకొనునట్లే, ఈ పనిని గూడ పెద్దపిల్లలలో నొకరి కొప్పగింపుడు. మూగప్రాణి భయమును కనిపెట్టి చూచుట వారికి చిన్ననాటనే యలవడును.