బాణానికి వాటా ఉంటుందా?

"నేను జగనన్న వదిలిన బాణాన్ని" అని వై.ఎస్. షర్మిల 2012లో ఊరూరా చెప్పుకున్నారు. సభల్లో చప్పట్లు మోగాయి. పదేళ్లు గడిచి అన్నాచెల్లెళ్లు ఎడమొహం పెడమొహం అయ్యాక, అదే మాట పట్టుకుని "ఇప్పుడు ఎవరు వదిలిన బాణం?" అని వెక్కిరించారు. అప్పుడూ ఇప్పుడూ అందరూ వెతికింది విల్లు ఏ మగవాడి చేతిలో ఉందనే. ఆమెకంటూ ఒక గురి ఉండొచ్చన్న ఊహ ఎవరికీ రాలేదు.

అధికార కుటుంబాల ఇంటి తగువులతో మన పత్రికకేం పని అని మిత్రులు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కోట్ల ఆస్తులున్న ఇంటి ఆడపడుచు కోసం మనం కన్నీళ్లు పెట్టనక్కర్లేదు. కానీ ఆ ఇంట్లో జరిగింది కొత్తదేమీ కాదు. మనం సంఘాల్లో, లీగల్ ఎయిడ్ శిబిరాల్లో రోజూ వింటున్నదే, పెద్ద అక్షరాల్లో కనిపించింది. అందుకే దాన్ని కాస్త నిదానంగా చదవాలి.

2009 సెప్టెంబరు 2న రాజశేఖర రెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. వారసుడెవరన్న ప్రశ్నకు కూతురి పేరు పోటీలోకే రాలేదు. 2012 మే నెలలో జగన్మోహన్ రెడ్డిని సి.బి.ఐ. అరెస్టు చేశాక ఆ ఇంటి ఆడవాళ్లు వీధిలోకి రావలసి వచ్చింది. జూన్ ఉప ఎన్నికల్లో తల్లి విజయమ్మ, షర్మిల ప్రచారం చేశారు. 18 అసెంబ్లీ స్థానాల్లో 15 ఆ పార్టీకి వచ్చాయి. అక్టోబరు 18న తండ్రి సమాధి ఉన్న ఇడుపులపాయ నుంచి షర్మిల నడక మొదలుపెట్టారు. మధ్యలో మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. కోలుకుని మళ్లీ నడిచారు. 2013 ఆగస్టు 4న ఇచ్ఛాపురం చేరేసరికి మూడు వేల కిలోమీటర్లు దాటింది. అన్న జైలు నుంచి వచ్చారు, పార్టీ ఆయనది. 2014లో ఆమెకు టికెట్ లేదు. 2019లో మళ్లీ బస్సెక్కి ప్రచారం చేశారు, పార్టీకి 175లో 151 స్థానాలు వచ్చాయి, ఆమెకు ఏ పదవీ రాలేదు.

ఇంట్లో ఆపద వచ్చినప్పుడు ఆడవాళ్లు పొలం దున్నుతారు, కొట్టు నడుపుతారు, అప్పులవాళ్లకు జవాబు చెబుతారు. మగవాడు తిరిగొచ్చాక ఆ పని "సాయం" అయిపోతుంది. కుటుంబ శ్రమ గురించి మనం ఎన్ని వర్క్‌షాపుల్లో చెప్పుకున్నామో లెక్కలేదు. మూడు వేల కిలోమీటర్ల నడక కూడా అదే ఖాతాలోకి పోయింది.

ఆ తర్వాత ఆమె ప్రయాణం చాలా మలుపులు తిరిగింది. 2021 జూలై 8న, తండ్రి పుట్టినరోజున, తెలంగాణలో సొంత పార్టీ పెట్టారు. ఈ ప్రాంతంతో నీకేం సంబంధమని అడిగితే తెలంగాణ కోడలినన్నారు. అక్కడ అన్నకు చెల్లెలు, ఇక్కడ అత్తింటికి కోడలు. మనిషిగా నిలబడటానికి మన రాజకీయాలు ఆడవాళ్లకు వేరే తావు ఉంచలేదు. అక్టోబరులో చేవెళ్ల నుంచి మళ్లీ పాదయాత్ర. 2022 నవంబరులో హైదరాబాదు నడివీధిలో ఆమె లోపల కూర్చుని ఉండగానే కారును పోలీసులు క్రేనుతో లాక్కుపోయారు. 2023 ఎన్నికల్లో పోటీ చేయకుండా కాంగ్రెస్‌కు మద్దతిచ్చారు. 2024 జనవరిలో పార్టీని అందులో కలిపేసి, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. మే నెలలో కడప లోక్‌సభ స్థానంలో మూడో స్థానంలో నిలిచారు.

ఈ మలుపులను "నిలకడ లేనితనం" అన్నవాళ్లు చాలామంది. పార్టీలు మారిన మగ నాయకులను మనం వ్యూహకర్తలని పిలుస్తుంటాం.

అసలు విషయం ఆస్తి దగ్గర ఉంది. 2019 ఆగస్టు 31న అన్నాచెల్లెళ్లు ఒక అవగాహన పత్రం రాసుకున్నారు. ప్రేమాభిమానాలతో చెల్లెలికి ఫలానా ఆస్తులు ఇస్తున్నట్లు అందులో ఉంది. 2024 ఆగస్టులో జగన్ రాసిన ఉత్తరంలో, మన మధ్య ఆ ప్రేమ మిగల్లేదు కనుక ఇవ్వదలచుకోలేదని ఉంది. సరస్వతి పవర్ కంపెనీ వాటాల బదిలీ మీద ఆయన కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లారు. 2025 జూలైలో హైదరాబాదు బెంచి ఆయన పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. అవి తన స్వార్జితమనీ, చెల్లెలి మీద ప్రేమతో ఇవ్వబోయినవేననీ ఆయన వాదన. పిల్లలిద్దరికీ సమానంగా చెందాలన్నది తండ్రి మాట అని షర్మిల వాదన. తల్లి 2024 అక్టోబరులో బహిరంగ లేఖ రాసి కూతురి పక్షం నిలిచారు. తగువులో న్యాయాన్యాయాలు తేల్చడం కోర్టుల పని. నేను ఆగింది "ప్రేమాభిమానాలు" అన్న మాట దగ్గర.

కొడుకుకు వచ్చేది వారసత్వం, కూతురికి వచ్చేది ప్రేమ. వారసత్వాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ప్రేమను తీసుకోవచ్చు, అందుకు కూతురు ఎదురు మాట్లాడితే చాలు. మన పల్లెల్లో పసుపు కుంకుమల కింద ఇచ్చే అరెకరం కూడా ఈ తర్కం మీదే నడుస్తుంది. కాగితం ఉండదు, పట్టా అన్నదమ్ముల పేరునే ఉంటుంది, పుట్టింటికి రాకపోకలున్నంత కాలం కౌలు అందుతుంది. తండ్రి పోయిన పదకొండో రోజునో, నెలకో, స్టాంపు కాగితం తెచ్చి "సంతకం పెట్టమ్మా, మేమెక్కడికి పోతాం" అంటారు. పెట్టనన్న రోజు నుంచి ఆమె "ఎవరో ఎక్కించిన మనిషి". పెట్టినవాళ్లు నాతో చెప్పిన కారణం ఒకటే: పుట్టిల్లు పోతుంది.

చట్టం లేక కాదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లను మాత్రం వదిలేసింది. 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా విడమరిచి చెప్పింది. రాజశేఖర రెడ్డి కుటుంబం క్రైస్తవులది. వీలునామా లేకపోతే 1925 భారత వారసత్వ చట్టం కూడా కూతురికీ కొడుకుకూ తేడా చూపదు. ఆ సవరణ తెచ్చిన రామారావు గారి ఇంట్లోనే 1995లో పార్టీ, ప్రభుత్వం అల్లుడి చేతికి పోయాయి. కూతురు పురందేశ్వరి 2004లో కాంగ్రెస్ నుంచి, 2024లో బి.జె.పి. నుంచి లోక్‌సభకు వెళ్లారు, తండ్రి పార్టీ నుంచి మాత్రం కాదు. 2025 సెప్టెంబరులో కవితను తండ్రి పార్టీయే సస్పెండ్ చేసింది. ఈ ముగ్గురి రాజకీయాలూ వేరు, ముగ్గురికీ దారి పుట్టింటి గుమ్మం బయటే దొరికింది.

ఆస్తి అడిగిన ఆడదాని ఒంటి మీదకి మాట మళ్లడం ఎంతసేపు? 2019 జనవరిలోనే ఇంటర్నెట్‌లో తన మీద సాగుతున్న అసభ్య ప్రచారంపై షర్మిల హైదరాబాదు పోలీసు కమిషనరుకు ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్ 25న పులివెందుల సభలో, పసుపు చీర కట్టి ప్రత్యర్థుల ఇంటికి వెళ్లిందని స్వయానా అన్నే ఎత్తిపొడిచారు. మేనల్లుడి పెళ్లి పిలుపుకు వెళ్లిన చెల్లెలి చీర రంగు, ఆమెకు సొంత బుద్ధి లేదనడానికి సాక్ష్యమైంది! చిన్నాన్న వివేకానంద రెడ్డి హత్య కేసులో ఆయన కూతురు సునీత కోర్టుల చుట్టూ తిరిగినప్పుడూ వినిపించింది అదే: వెనక ఎవరున్నారు?

ఇంతా చెప్పి షర్మిలను మన ఉద్యమ ప్రతినిధిని చేయబోవడం లేదు. ఆమె అడిగిన ఓట్లు "రాజన్న రాజ్యం" పేరు మీద అడిగినవే. ఆమెకున్న పేరు, కులం, డబ్బు, కెమెరాలు రిజర్వేషన్లో గెలిచిన దళిత మహిళా సర్పంచుకు లేవు. ఆ సర్పంచి కుర్చీలో భర్త కూర్చుంటే టీవీలకు పట్టదు. తనకు వాటా ఇవ్వని అన్న గురించి ఆమె గట్టిగా మాట్లాడారు. పుట్టింట వాటా అందని లక్షలాది ఆడవాళ్ల గురించి అంత గట్టిగా మాట్లాడి ఉంటే ఆ తగువుకు వేరే బలం వచ్చేది.

2023 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన మహిళా రిజర్వేషన్ చట్టాన్ని జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. ఆ సీట్లు వచ్చిన రోజున పార్టీలు మొదట వెతికేది తమ ఇళ్లలోనే, భార్యలనూ కోడళ్లనూ కూతుళ్లనూ. వాళ్లు రాకూడదని నేననను. టికెట్ల జాబితా రాసే గదిలో ఆడవాళ్లు ఎందరని మాత్రం ప్రతి పార్టీని ఇప్పటినుంచే అడగాలి.

ఈలోగా ఒక చిన్న పని. మీ మండలంలో గత అయిదేళ్లలో హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టిన ఆడపడుచులు ఎవరెవరు, బదులుగా ఏం ఇచ్చారు, పెట్టననడానికి ఎవరు ధైర్యం చేశారు? పేర్లు మార్చి రాసి పంపండి. వచ్చే సంచికలో చాలా పేజీలు దానికే ఉంచుతున్నాం.