ఆపరేషన్ అయిపోయింది.. మాత్ర ఆపేయొచ్చా? కడుపులో కణితి తిరగబెట్టకుండా మూడేళ్ల లెక్క ఇదీ

కడుపులో కణితి తీసేశారు. కుట్లు మానాయి. అన్నం సహిస్తోంది, ఆఫీసుకూ వెళ్తున్నారు. ఒంట్లో ఏ నొప్పీ లేనప్పుడు రోజూ ఈ మాత్ర ఎందుకు? ఆపరేషన్ జరిగిన కొన్ని నెలలకు చాలామందికి వచ్చే సందేహమిది. ఖర్చు చూసో, కళ్ల కింద వాపు వచ్చిందనో కొందరు డాక్టర్‌ను అడగకుండానే మానేస్తారు. ‘జిస్ట్’ అనే రకం కణితి విషయంలో ఆ నిర్ణయం ప్రాణాల మీదకు తేవచ్చు. ఎందుకో చూద్దాం.

జిస్ట్ అంటే ఏమిటి?

కడుపులో వచ్చే కణితులన్నీ ఒకటి కాదు. ఎక్కువగా కనిపించే కడుపు క్యాన్సర్ లోపలి పొరలో మొదలవుతుంది. దానికి ఆపరేషన్‌తో పాటు సెలైన్‌లో ఎక్కించే కీమోథెరపీ ఇస్తారు. జిస్ట్ అలా కాదు. జీర్ణాశయం, పేగుల కదలికలను నడిపించే కణాల నుంచి ఇది పుడుతుంది. సగానికి పైగా కేసుల్లో కడుపులోనే వస్తుంది. మామూలు కీమోకు ఇది లొంగదు.

ఎక్కువ మంది రోగుల్లో ‘కిట్’ అనే జన్యువులో మార్పు ఈ కణితికి మూలమని 1998లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌ను అడ్డుకునే మాత్రే ఇమాటినిబ్. రక్త క్యాన్సర్లలో ఒకటైన సీఎంఎల్‌కూ ఇదే మందు వాడతారు.

మాత్ర అందరికీ అవసరమా?

కాదు. చిన్న కణితి, నెమ్మదిగా పెరిగేదైతే ఆపరేషన్‌తోనే సరిపోతుంది. ముప్పు ఎంతో తేల్చేది బయాప్సీ రిపోర్టు. అందులో నాలుగు విషయాలు చూడాలి. కణితి సైజు, మైటోటిక్ కౌంట్ (అంటే ఎన్ని కణాలు విభజన దశలో ఉన్నాయి), అది కడుపులోదా పేగులోదా, ఆపరేషన్‌కు ముందు లేదా ఆ సమయంలో పగిలిందా.

సైజు 10 సెంటీమీటర్లు దాటినా, కౌంట్ 10 మించినా, సైజు, కౌంట్ రెండూ 5 దాటినా, కణితి పగిలినా ముప్పు ఎక్కువని లెక్క. పేగులో ఉంటే ఇంకా చిన్న కణితినీ ఈ జాబితాలోనే చేరుస్తారు.

జన్యు పరీక్ష కూడా ముఖ్యమే. ‘పీడీజీఎఫ్ఆర్ఏ డి842వి’ అనే మార్పు ఉన్నవారికి ఇమాటినిబ్ పనిచేయదు. వారు మూడేళ్లు మాత్ర మింగినా ఫలితం ఉండదు.

మూడేళ్లే ఎందుకు?

ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు ఇమాటినిబ్ వాడితే కణితి తిరగబెట్టడం తగ్గుతోందని అమెరికాలో 713 మందిపై జరిగిన పరిశోధన తేల్చింది. దాంతో ఈ వాడకానికి అక్కడి ఎఫ్‌డీఏ 2008 డిసెంబరులో అనుమతిచ్చింది.

ఏడాది చాలా, ఇంకా వాడాలా అన్నది తర్వాతి ప్రశ్న. ముప్పు ఎక్కువగా ఉన్న 400 మందిని ఐరోపా వైద్యులు రెండు బృందాలుగా చేశారు. ఒక బృందానికి ఏడాది, మరో బృందానికి మూడేళ్లు మందిచ్చారు. ఐదేళ్ల తర్వాత చూస్తే, కణితి తిరిగి రానివారు ఏడాది బృందంలో 47.9 శాతం, మూడేళ్ల బృందంలో 65.6 శాతం. బతికున్నవారు 81.7 శాతం, 92 శాతం. పదేళ్ల తర్వాత కూడా ఈ తేడా నిలిచింది. బతికున్నవారు 65 శాతం, 79 శాతం.

ఇదే పరిశోధనలో ఇంకో అంకె ఉంది. మూడేళ్ల బృందంలో సుమారు నాలుగింట ఒకరు, వ్యాధి తిరగబెట్టకపోయినా, మధ్యలోనే మందు మానేశారు. డాక్టర్లు దగ్గరుండి చూసుకున్నచోటే ఇలా జరిగింది. ఫార్మసీలో సొంత డబ్బుతో కొనుక్కునే మన రోగి మధ్యలో మానేయడంలో ఆశ్చర్యం ఏముంది?

ఖర్చు ఎంత తగ్గింది?

ఈ మందు ధర తగ్గడం వెనుక హైదరాబాద్ పాత్ర ఉంది. ఇక్కడి నాట్కో ఫార్మా 2003లో ఇమాటినిబ్ జనరిక్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. పేటెంట్ కోసం స్విట్జర్లాండ్ కంపెనీ నోవార్టిస్ చేసిన సుదీర్ఘ పోరాటాన్ని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చింది. అప్పట్లో నోవార్టిస్ బ్రాండ్ గ్లివెక్ నెలకు సుమారు రూ.1.2 లక్షలు, జనరిక్ రూ.8-10 వేలు. అంటే మూడేళ్లకు రూ.43 లక్షలు అయ్యే చోట రూ.3 లక్షల దగ్గర తేలింది. ఇమాటినిబ్ ఇప్పుడు దేశ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది.

పథకాల్లో ఏం అడగాలి?

అసలు చిక్కు ఇక్కడే. ప్రభుత్వ ఆరోగ్య పథకాలు ప్యాకేజీల లెక్కన నడుస్తాయి. ఆపరేషన్ ప్యాకేజీ డిశ్చార్జితో ముగుస్తుంది. తర్వాత మూడేళ్ల మాత్రలు వేరే లెక్క. వాటికి మెడికల్ ఆంకాలజీ విభాగం కింద విడిగా అనుమతి కావాలి. సర్జన్ వార్డు నుంచి ఆంకాలజీ ఓపీకి వెళ్లే దారిలోనే చాలామంది జారిపోతారు.

అందుకే డిశ్చార్జికి ముందే మూడు పనులు చేయండి. మెడికల్ ఆంకాలజిస్టుకు రిఫరల్ రాయించుకోండి. బయాప్సీ రిపోర్టుతో పాటు కణితి ముక్కను భద్రపరిచిన బ్లాక్ ఎక్కడుందో కనుక్కోండి, జన్యు పరీక్షకు అదే కావాలి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ‘ఇమాటినిబ్ ప్యాకేజీ ఇక్కడ ఉందా, ఏ ఆసుపత్రిలో ఉంది’ అని సూటిగా అడగండి. పథకం పరిధిలోకి రానివారు జన ఔషధి, అమృత్ దుకాణాల్లో ధర పోల్చి చూసుకోవచ్చు.

వేసుకునేటప్పుడు జాగ్రత్తలు

సాధారణంగా రోజుకు 400 మిల్లీగ్రాములు. భోజనంతో, పెద్ద గ్లాసు నీటితో వేసుకోవాలి. కళ్ల చుట్టూ వాపు, వికారం, కండరాల పట్టేత, రక్తహీనత రావొచ్చు. వీటిలో చాలావాటికి మందుంది, అవసరమైతే డాక్టర్ డోసు మారుస్తారు. టీబీకి, మూర్ఛకు వాడే కొన్ని మందులు ఇమాటినిబ్ ప్రభావాన్ని తగ్గిస్తాయి కాబట్టి ముందే చెప్పాలి. వాడుతున్నన్నాళ్లూ గర్భం రాకుండా చూసుకోవాలి.

మూడేళ్లు పూర్తయితే?

మందు ఆపిన తర్వాతి ఏడాది, రెండేళ్లు కీలకం. కణితి తిరగబెట్టే అవకాశం అప్పుడే పెరుగుతుంది. ఎక్కువగా కాలేయంలో, పొట్ట లోపలి పొరలో వస్తుంది. మందు ఆపినా స్కానింగ్ ఆపకూడదు. మూడేళ్ల తర్వాత మరో మూడేళ్లు కొనసాగిస్తే వ్యాధి తిరగబెట్టడం తగ్గిందని ఫ్రాన్స్ పరిశోధకులు 2024లో వెల్లడించారు. ఆయుష్షు పెరుగుతుందా అన్నది ఇంకా తేలలేదు. కొనసాగించాలా వద్దా అన్నది రిపోర్టులు ముందు పెట్టుకుని డాక్టర్‌తో కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం.

ఆపరేషన్ కంటికి కనిపించే కణితిని తీసేస్తుంది. కనిపించని కణాలను అదుపులో పెట్టేది ఆ రోజువారీ మాత్రే. ఒంట్లో బాగుందని దాన్ని ఆపకండి. ఆపాలనిపిస్తే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి.