గంజాయి తూకంలో కులం బరువు

గోదావరిఖనిలో గంజాయి పట్టుబడిన వార్త ఎప్పుడు వచ్చినా పత్రికలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. బల్లపై పొట్లాలు, వెనుక పోలీసు అధికారులు, మధ్యలో ముసుగులు వేసిన యువకులు. కోల్ ఫిల్లర్ కొడుకుగా ఆ కార్మికవాడల్లో పెరిగిన నాకు ఆ ముసుగుల వెనుక ముఖాలను ఊహించడం కష్టం కాదు. బొగ్గుబాయిలో పర్మినెంటు కొలువు తండ్రి తరంతోనే ఆగిపోగా, ఓపెన్‌కాస్టుల్లో కాంట్రాక్టు కూలీలుగా మిగిలిన దళిత, బహుజన బిడ్డలు నా కళ్లముందు మెదులుతారు.

గంజాయిని చట్టబద్ధం చేయాలా, వద్దా అని నా విద్యార్థులు తరచూ వాదించుకుంటారు. ఒకరు కెనడా (2018), జర్మనీ (2024) చట్టాలను చూపి వ్యక్తి స్వేచ్ఛ అంటారు. మరొకరు ప్రజారోగ్యం అంటారు. ఇప్పుడున్న నిషేధం ఎవరి వీపు మీద అమలవుతోందని మాత్రం ఇద్దరూ అడగరు.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పూత, కాపు మాత్రమే. ఆకుతో చేసే భంగు ఆ నిర్వచనంలోకి రాదు. పూతలో మత్తు ఎక్కువన్నది నిజమే. కానీ ఒకే మొక్క ఒకచోట పండుగ ఆచారంగా మన్నన పొంది, మరోచోట బస్తీ నేరంగా ముద్రపడటం వెనుక సామాజిక హోదా పాత్ర లేదనగలమా?

ఈ చట్టం నేరాన్ని తూకం వేసి కొలుస్తుంది. కిలో వరకు స్వల్ప పరిమాణం. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు, బెయిలు దాదాపు అసాధ్యం. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు మన్యం నుంచి మూట మోసే ఆదివాసీ కూలీ ఈ తూకానికి సులువుగా చిక్కుతాడు. పెట్టుబడి పెట్టిన వ్యాపారి ఒంటిమీద గ్రాము కూడా దొరకదు.

అలాగని లైసెన్సు దుకాణాలు తెరిస్తే న్యాయం జరుగుతుందా? మద్యం అనుభవం చూద్దాం. 2021లో తెలంగాణ ప్రభుత్వం మద్యం దుకాణాల్లో గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2023లో దరఖాస్తు రుసుమే రెండు లక్షలు, అదీ తిరిగిరాదు. ఆ సొమ్ము ఏ కాంట్రాక్టు కార్మికుడి దగ్గర ఉంటుంది? కాగితంపై వాటా ఉన్నా పెట్టుబడి ఉన్నవాడిదే పైచేయి. రేపు గంజాయి లైసెన్సులు ఇచ్చినా జరిగేది ఇదే. నిన్న జైలుకు వెళ్లినవాడు బయటే నిలబడతాడు.

నేను గంజాయికి వకాల్తా పుచ్చుకోవడం లేదు. మత్తులో డంపర్ నడిపితే ఏమవుతుందో, కొడుకు చేయి దాటిపోతే తల్లి ఎంత కుమిలిపోతుందో మా కాలనీలకు తెలుసు. అందుకే నా కోరికలు పరిమితమైనవి. వాడినవాడిని జైలుకు కాక చికిత్సకు పంపాలి. స్వచ్ఛందంగా చికిత్స కోరే వ్యసనపరుడికి విచారణ నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షన్‌ను ప్రతి ఠాణాలో తెలియజేయాలి. రామగుండం ప్రభుత్వ వైద్య కళాశాలలో వ్యసన విముక్తికి తగినన్ని పడకలు, నిపుణులు ఉండాలి. కూలీకి, వ్యాపారికి శిక్షలో తేడా చూపాలి. అరెస్టయినవారి కులాలవారీ లెక్కను ఏటా ప్రకటించాలి.

చట్టబద్ధత చర్చ ఆ లెక్కతో మొదలు కావాలి. ముసుగు వెనుక ఎవరున్నారో తెలియకుండా నిషేధాన్ని సమర్థించడమైనా, స్వేచ్ఛను కీర్తించడమైనా గట్టున కూర్చున్నవారి వాదనే.