మూసీకి సోకులు కాదు, వైద్యం కావాలె

మూసీని బాగుచేస్తమంటే వద్దనేదెవరు? ముక్కు మూసుకొని చాదర్‌ఘాట్ వంతెన దాటే ఉద్యోగి వద్దంటడా? నురుగు నీళ్లను మడిలోకి మళ్లించుకుంటున్న నల్లగొండ రైతు వద్దంటడా? ఎవరూ అనరు. కాని బాగుచేసుడంటే ఏందో ముందు తేలాలె. గట్లకు రాళ్లు పరిచి, దీపాలు పెట్టి, పడవలు తిప్పుడా? విషాన్ని ఆపుడా?

అనంతగిరి గుట్టల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది ఇది. దాన్ని చంపింది నడుమనున్న నగరం. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు తేలింది. శుద్ధి చేసినంక సంగతి ఇది! అప్పుడు ఆ నీళ్లు నక్కవాగు మీదుగ మంజీరలో కలిసేవి. మన పాలకులు చూపిన పరిష్కారమేంది? 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేసి, నగర మురుగులో కలిపి, అంబర్‌పేట ప్లాంటుకు తోలిండ్రు. మంజీర గోసను మూసీ నెత్తిన పెట్టిండ్రు. మురుగు ప్లాంటులో పనిచేసేది సూక్ష్మజీవులు. అవి మలినాన్ని తింటయి గాని ఉప్పును, భారలోహాలను తినవు. అవన్నీ చివరికి చేరేది దిగువ రైతు పొలానికే.

ఇగ వరద. 1908 సెప్టెంబర్ 28న మూసీ వేలమందిని మింగింది. అఫ్జల్‌గంజ్ చింతచెట్టెక్కి 150 మంది దాకా పానాలు దక్కించుకున్నరు. ఆ గాయం నుంచే విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ లేచినయి. వాటి పరీవాహకాన్ని కాపాడేటందుకు 1996లో 84 గ్రామాలకు జీవో 111 వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేసిండ్రు. మన్ను తాగినట్టు కాంక్రీటు వాననీళ్లు తాగదు. కురిసింది కురిసినట్టే గేట్ల మీదికి ఉరుకుతది. 2025 సెప్టెంబర్‌లో గేట్లెత్తితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ నీటిపాలైంది చూడలేదా? నది నడుమ బస్‌స్టేషన్ కట్టింది గుడిసెవాసులా?

2024లో మూసీ ఒడ్డు ఇండ్ల గోడల మీద ఎర్రగుర్తులు పడ్డయి. నదిగర్భంల ఇల్లు ప్రమాదమే, కాదనం. కాని పేదవాని గోడకు దొరికిన ఎర్రరంగు, విషం వదిలే ఫ్యాక్టరీ గేటుకు ఎందుకు దొరకదు? ఎగువన లేచే విల్లాల గోడకు ఎందుకు అంటదు?

మూసీ బతకాలంటే పని ఎగువ నుంచి మొదలుకావాలె. జంట జలాశయాల పరీవాహకానికి మళ్లీ రక్షణ కావాలె. రసాయన వ్యర్థాలను పుట్టినచోటనే శుద్ధి చేయాలె, మురుగులో కలపొద్దు. వరద పారే జాగను అందం పేరుతోటి ఇరుకు చేయొద్దు. ఇల్లు పోయేటోనికి బతుకుదెరువు దగ్గరనే ఇల్లియ్యాలె, అదీ కూల్చకముందే.

విద్యార్థులారా, ఉద్యోగులారా! మూసీ బాగుపడ్డదా లేదా అన్నది నగరంల దీపాల వెలుతురుల చూడొద్దు. వాడపల్లి కాడ దోసిట్ల నీళ్లు పట్టి చూడాలె. ఆ నీళ్లు తేటగయ్యేదాక ఈ లెక్క తెగదు!