మూడు చక్రాలు: ముందు ఒకటా, రెండా?

పిల్లలూ! ముక్కాలిపీటను ఎంత ఎగుడుదిగుడు నేలమీద వేసినా కదలకుండా నిలుస్తుంది. నాలుగుకాళ్ల కుర్చీ అలా కాదు. ఒక కాలు కాస్త పొట్టిదైతే చాలు, టకటకమని ఊగుతుంది. ఏ మూడు బిందువులైనా ఒకే సమతలంలో ఉంటాయని మీ లెక్కల మాస్టారు చెప్పే ఉంటారు. పీట నిలకడకు కారణం అదే.

మరి మూడు చక్రాల బండి కూడా అంత నిలకడగా ఉండాలి కదా? ఉండదు! మలుపులో వేగంగా తిప్పితే అది నాలుగు చక్రాల బండికన్నా సులువుగా పల్టీ కొడుతుంది. నిలబడ్డ పీట వేరు, పరుగెత్తే బండి వేరు. ఆ తేడా తెలుసుకోవాలంటే ముందు ఒక చిన్న ప్రయోగం చేయాలి.

మీ పలక తీసుకోండి. దాని కింద మూడు సీసామూతలు పెట్టండి. ఒక కొసన రెండు మూలలకూ రెండు మూతలు, రెండో కొసన సరిగ్గా మధ్యను ఒకటి. ఇప్పుడు రెండు మూతలున్న కొసన ఏదో ఒక మూలను వేలితో నొక్కండి. పలక కదలదు. ఒకే మూత ఉన్న కొసన మూలను నొక్కండి. ఠక్కున ఒరిగిపోతుంది! ఎందువల్ల? మూడు మూతలనూ కలుపుతూ గీత గీస్తే ఒక త్రిభుజం వస్తుంది. బరువు ఆ త్రిభుజం లోపల పడినంతసేపు పలక నిలుస్తుంది. బయట పడితే ఒరుగుతుంది. ఒంటిమూత ఉన్న వైపున త్రిభుజం సన్నగా ఉంది గనుక అక్కడి మూలలు దాని బయట ఉన్నాయన్నమాట.

ఇక బండి సంగతి. బస్సు బ్రేకు వేసినప్పుడు మీరు ముందుకు తూలుతారు. బస్సు కుడివైపు తిరిగితే ఎడమవైపు ఒరుగుతారు. మలుపులో ఉండగానే బ్రేకు వేస్తే? ముందుకూ పక్కకూ ఒకేసారి తూలుతారు. బండి బరువు కూడా అలాగే ముందుమూల మీద పడుతుంది. ముందు ఒకే చక్రం ఉంటే, మీరు వేలితో నొక్కిన ప్రమాదపు మూల అదే! ముందు రెండు చక్రాలుంటే అక్కడ త్రిభుజం వెడల్పుగా ఉంటుంది గనుక ఆ బరువును కాచుకుంటుంది.

ఇంత సులువైన లెక్క మనుషులు బండ్లలో అమలు పరచటానికి చాలా కాలం పట్టింది. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మోటారు బండికి మూడు చక్రాలే. ముందు ఒకటి, వెనుక రెండు. నాలుగు చక్రాల బండ్లలో ముందు చక్రాలు రెంటినీ తిప్పటానికి ఆనాడు ఉన్న ఏర్పాట్లు ఆయనకు నచ్చలేదు. ఒంటిచక్రాన్ని తిప్పటం తేలిక.

అమెరికాలో హార్లే-డేవిడ్‌సన్ కంపెనీవారు 1932 నుంచి 1973 వరకు 'సర్వీ-కార్' అనే మూడు చక్రాల మోటారుసైకిలు తయారు చేశారు. ముందు ఒక చక్రం, వెనుక రెండు, ఆ రెంటి నడుమ సామాన్ల పెట్టె. ఇంజను సుమారు 740 ఘనసెంటీమీటర్లది. పరుగుకు పుట్టిన బండి కాదది, పనికి పుట్టిన బండి. మరమ్మతు దుకాణం మనిషి దానిమీద ఖాతాదారు ఇంటికి వెళ్లి, దాన్ని కారు వెనక తగిలించి, కారు నడుపుకుంటూ దుకాణానికి వచ్చేవాడు. పోలీసులు దానిమీద మెల్లగా సాగుతూ, వీధిలో నిలిపిన కార్ల టైర్లపై సుద్దతో గుర్తులు పెట్టేవారు. నెమ్మదిగా నడిచే బండికి ముందు ఒకే చక్రం ఉన్నా పెద్దగా చిక్కు రాలేదు.

చిక్కు వేగంతో వచ్చింది. 1970లో హోండా కంపెనీ లావుపాటి బుడగ టైర్ల మూడు చక్రాల బండిని అమెరికాలో అమ్మటం మొదలుపెట్టింది. దీనికీ ముందు ఒకటే చక్రం. ఇసుకలో, మట్టిలో ఆడుకోవటానికి సరదాగా ఉండేది గనుక ఇతర కంపెనీలూ అటువంటివి చేశాయి. వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉండేవి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కదా? ఒకే ఇరుసు దాన్ని సాగనివ్వదు. అందువల్ల నడిపేవాడు ఒళ్లు అటూ ఇటూ వంచి, బరువు మార్చి తిప్పాలి. ఆ నేర్పు లేనివారు పల్టీలు కొట్టారు. చాలామంది చనిపోయారు, వారిలో పిల్లలు ఎందరో! చివరకు 1988లో తయారీదారులు అక్కడి ప్రభుత్వంతో ఒడంబడిక చేసుకుని వాటి అమ్మకం ఆపారు. 2008లో వచ్చిన చట్టం కొత్తవాటిని పూర్తిగా నిషేధించింది.

2007లో కెనడాలో 'స్పైడర్' అనే మూడు చక్రాల మోటారుసైకిలు వచ్చింది. దానిలో ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి! దాన్ని చేసినవారు మంచుబండ్లు చేయటంలో పేరుపడినవారు. మంచుబండికి ముందు రెండు జారుడుబద్దలు, వెనుక ఒక పట్టా ఉంటాయి. ఆ పోలికే స్పైడర్‌లోనూ కనిపిస్తుంది. కాలితో ఒక్క బ్రేకు తొక్కితే మూడు చక్రాలూ ఆగుతాయి. ఇంకో వింత ఏమిటంటే, బండి ఎంత వేగంగా పోతున్నదీ, ఎంత తిరుగుతున్నదీ గమనిస్తూ ఒక చిన్న యంత్రం లెక్క కడుతూ ఉంటుంది. ప్రమాదం కనిపిస్తే తానే ఒక చక్రానికి బ్రేకు వేసి, ఇంజను జోరు తగ్గిస్తుంది.

మొదటి స్పైడర్ ఇంజను రెండు సిలిండర్లది, 998 ఘనసెంటీమీటర్లు, 106 అశ్వశక్తి. ఆ శక్తి పూర్తిగా రావాలంటే ఇంజను నిమిషానికి 8,500 చుట్లు తిరగాలి. కొన్నేళ్లకు మూడు సిలిండర్లు, 1,330 ఘనసెంటీమీటర్ల ఇంజను వచ్చింది. దాని శక్తి 115. పెరిగింది తొమ్మిదే కదా అనుకోకండి. అది 7,250 చుట్లకే అందుతుంది. మొదటిది వడివడిగా పొట్టి అడుగులు వేసే పిల్లవాడనుకుంటే, రెండవది నిదానంగా పెద్ద అంగలు వేసే పెద్దమనిషి. గట్టు ఎక్కాలన్నా, వెనుక మరొక మనిషిని మోయాలన్నా రెండవదే సుఖం.

అయినా ఎంత కొత్తదైనా స్పైడర్ మలుపులో సైకిలులాగా పక్కకు వంగదు. కూర్చున్నవాడు బయటకు తూలుతూనే ఉంటాడు. అందుకని ముందు రెండు చక్రాలుండి కూడా సైకిలులా వంగే బండ్లు వచ్చాయి. 2006లో ఇటలీవారి పియాజియో ఎంపీ3, 2018లో జపానువారి యమహా నైకెన్ అటువంటివే.

మన ఆటోరిక్షా మాటేమిటి? దాని పూర్వీకుల్లో ఒకటి 1948లో ఇటలీలో పుట్టిన 'ఆపే'. ఆ మాటకు అర్థం తేనెటీగ. ముందు ఒకటే చక్రం. ఇరుకు సందుల్లో చటుక్కున తిరుగుతుంది, వెనుక మనుషులకు చోటుంటుంది, ధర తక్కువ. అందుకే ఆ అమరిక నేటికీ నిలిచింది. మెల్లగా, తగినంత బరువుతో నడిపితే అది మంచి బండి. అయితే బడికి వెళ్లే పిల్లలను డ్రైవరుకు చెరోపక్క కూర్చోబెట్టుకోవటం మీరు చూసే ఉంటారు. వారు కూర్చున్నది ఎక్కడ? త్రిభుజం సన్నబడే చోట, దాని అంచుకు బయట! పుస్తకాల సంచులు పైకప్పు మీద వేస్తే బరువు మరింత ఎత్తుకు పోతుంది. ఎత్తైనది త్వరగా ఒరుగుతుందని వేరే చెప్పాలా? వేగం రెండింతలైతే మలుపులో బయటకు నెట్టే బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

కాబట్టి మూడు సంగతులు గుర్తుంచుకోండి. డ్రైవరు పక్కన కూర్చోవద్దు. సంచులు కాళ్లదగ్గరే పెట్టుకోండి. మలుపు రాకముందే వేగం తగ్గించమని డ్రైవరును మర్యాదగా అడగండి: "అన్నా, మలుపు దగ్గర కాస్త నిదానంగా!" మలుపుకు ముందు వేసిన బ్రేకు మేలు, మలుపులో వేసిన బ్రేకు కీడు.

ఇప్పుడు మీకు రెండు ప్రశ్నలు. పలక కింద నాలుగు మూలలకూ నాలుగు మూతలు పెట్టి నొక్కితే ఏమవుతుంది? ముందు రెండు చక్రాలున్న బండి ఆగిన చోటునుంచి ఒక్కసారిగా దూకుడుగా కదిలితే బరువు ఎటు పోతుంది? మొదటిది పలకతో చేసి చూడండి. రెండవది ఆలోచించి, మీ మాస్టారితో చర్చించండి.